బతికున్నవాళ్లకు చోటులేని పేజీ

ఏటా డిసెంబరు ముప్పై ఒకటిన ఆ పత్రికలో తొమ్మిదో పేజీ చనిపోయినవాళ్లది. ఆ ఏడాది పోయిన ప్రముఖుల్లో పన్నెండు మందిని తీసుకుంటారు. ఒక్కొక్కరికి ఒక కాలమ్ ఫొటో, దాని కింద ఎనభై మాటలు. పుట్టిన ఊరు, చదువు, బిరుదులు ఉండవు. ఆ మనిషి చేసిన పని ఏమిటి, అది ఇవాళ ఎక్కడ నడుస్తోంది అన్న రెండు సంగతులే ఉంటాయి. పని ఆగిపోయి ఉంటే ఆ మనిషికి ఆ పేజీలో చోటు లేదు.

పేజీ చూసే ఆయన్ను ఆఫీసులో చారెడు గారు అంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక గాయకుడు పోతే ఆయన సంస్మరణ రాశాడు. అందులో ‘మహా’ అన్న మాట పద్నాలుగు సార్లు పడింది. అప్పటి ఎడిటర్ ఆ కాగితం పట్టుకుని హాలు మధ్యలో నిలబడి, “చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గానీ, మనవాడు చేటంత చేశాడయ్యా” అన్నాడు. ఆ రోజు అంటుకున్న పేరు ముప్పై రెండేళ్లయినా వదల్లేదు. ఆయన రాతలో ఆ మాట మళ్లీ కనిపించలేదు.

పని నడుస్తోందా లేదా అన్నది ఆయన వెళ్లి చూస్తాడు. ఈ ఏడాది ఒక సర్జన్ పోయింది. ఆమె చేయించిన పట్టకారు ఇంకా వాడుతున్నారా అని ఆస్పత్రికి వెళ్లి అడిగితే నర్సు ట్రే తెచ్చి ముందు పెట్టింది. ట్రేలో మూడున్నాయి. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసినాయన పోతే, రెండో తరగతి వాచకం కొని బొమ్మలు లెక్కపెట్టాడు. పందొమ్మిది ఆయనవి. ఒక నాటక రచయితకు మాత్రం చోటు దొరకలేదు. పదకొండేళ్లుగా ఆయన నాటకం ఎవరూ ఆడలేదు. రచయిత అల్లుడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. చారెడు గారు అంతా విని, “ఎక్కడైనా ఆడుతుంటే చెప్పండి బాబూ, టికెట్ కొనుక్కుని వస్తాను” అన్నాడు.

పేజీకి ఇంకో నియమం ఉంది. బతికున్నవాళ్ల ఫొటో అందులో పడకూడదు. చాలా ఏళ్ల కిందట ఒక ఫుట్‌బాల్ కోచ్ ఫొటోలో పక్కన ఆయన అసిస్టెంట్ కూడా పడ్డాడు. మర్నాడు అసిస్టెంట్ ఇంటికి ఎనభై మంది పలకరింపుకు వచ్చారు. వేరే ఊళ్లో ఉన్న అతని తల్లి పేపరు చూసి పడిపోయింది. మూడో రోజు అసిస్టెంట్ ఆఫీసుకొచ్చి, తాను బతికున్నట్టు పత్రిక లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మన్నాడు. రాసిచ్చారు. ఆ తర్వాత నుంచి ఆ పేజీలో ఒక్కో గడిలో ఒక్క మొహమే.

డిసెంబరు ఇరవై రెండు ఉదయం పదకొండింటికి రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది.

“సార్, మీకోసం ఒకావిడ వచ్చారు. సంచీలో ఇనుముందని గార్డు ఆపాడు. వదలమంటారా?”

“ఇనుమేంటి?”

అటువైపు కాసేపు మాటలు వినిపించాయి. “బోరింగులో ఉండేదట సార్. పిస్టనట. గార్డు గారికి అది ఎలా పనిచేస్తుందో చెబుతున్నారు. ఆయన వింటున్నారు.”

“పంపించు.”

వచ్చినావిడకు డెబ్భై ఒక్క ఏళ్లు. కుర్చీలో కూర్చుని సంచీలోంచి పిస్టన్ తీసి బల్ల మీద పెట్టింది. పిడికిలంత ఇత్తడి ముక్క. నడుముకి రెండు రబ్బరు వాషర్లు. పక్కన సెప్టెంబరు నెల పేపరు కత్తిరింపు పెట్టింది. అది చారెడు గారు రాసిందే. చేతిపంపుల ఇంజనీరు ఎనభై నాలుగో ఏట పోయినప్పుడు వేసిన సంస్మరణ.

“ఇది రాసింది మీరేనా బాబూ?”

“నేనేనమ్మా.”

“ఇక్కడ చదవండి. నాకు కళ్లజోడు లేక కాదు. మీ నోట వినాలని.”

ఆయన చదివాడు. “‘పది రోజులు గదిలో తలుపేసుకుని ఆలోచించి, పైపులు పైకి తీయకుండానే వాషర్ మార్చే పద్ధతిని కనిపెట్టారు.’”

“తలుపేసుకున్నారని మీకెవరు చెప్పారు?”

ఆయన కత్తిరింపు బల్ల మీద పెట్టాడు. ఆమె తన సంగతి చెప్పింది. నీళ్ల శాఖ మరమ్మతు ముఠాలో తనొక్కతే ఆడమనిషి. చేరినప్పుడు పైపు మరలకు గ్రీజు రాసే పని. ఆ రోజుల్లో బోరింగు పాడైతే లోపల వాషర్ మార్చడానికి లారీ రావాలి. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి ఆరుగురు మగాళ్లు వందడుగుల పైపులన్నీ బయటికి లాగాలి. లారీ రావడానికి నెల పట్టేది. ఆ నెలంతా ఆ వీధి ఆడవాళ్లు నీళ్లకు వేరే చోటికి నడిచేవాళ్లు.

“ఒకరోజు మా చిన్నదానికి జ్వరమొస్తే కాంపౌండరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సూది వేసి, సిరంజీ వెనక నుంచి కడ్డీ లాగేశాడు, వేణ్నీళ్లలో పడేయడానికి. గాజు గొట్టం అలాగే ఉంది, కడ్డీ ఒక్కటే వచ్చింది. మర్నాడు ఇంజనీరు గారొస్తే అడిగాను. సార్, మన పైపు గొంతు సన్నగా ఎందుకు పెట్టారు, కాస్త లావుగా పెడితే పిస్టన్ దాంట్లోంచే పైకొస్తుంది కదా, సూదిలో వచ్చినట్టు అని.”

“ఆయనేమన్నారు?”

“టీ తాగకుండా వెళ్లిపోయారు. ఇదేదో నోరు జారి ఉద్యోగం పోగొట్టుకుందిరా అన్నారు మావాళ్లు. నాలుగో రోజు బొమ్మ గీసుకొచ్చి నా ముందు పరిచారు. లెక్కలు, కొలతలు, ఏ లోహం వాడాలి, అవన్నీ ఆయనవే. నాకవి రావు. ఆయన లేకపోతే నా మాట మాటగానే పోయేది. కానీ మాట నాది.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఎందుకు చెప్పలేదు? మెకానిక్కులకి నేర్పించే షెడ్డు నాదే. ఏటా కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు ఆయనొచ్చి, ఇదిగో ఈవిడ ఆలోచనే ఇది అని అందరి ముందూ చెప్పి వెళ్లేవారు. ఆయనున్నన్నాళ్లూ నాకు ఆయనే కాగితం. ఇప్పుడు ఆయన లేరు, మీ కాగితం ఉంది. మొన్నటి బ్యాచ్‌లో ఒకడు లేచి, పేపర్లో వేరేగా ఉంది కదా మేడమ్ అన్నాడు. వాడిది పోనివ్వండి. మా తోడికోడలు పక్కింట్లోనే ఉంటుంది. మీరు రాసింది గోడమీంచి పైకి చదివింది. ‘ఆయన తలుపేసుకున్నాడటగా, మరి నువ్వు తలుపు సందులోంచి చెప్పావా అక్కా?’ అంది. వీధంతా నవ్వింది. ముప్పై ఏళ్లు నేను కోతలు కోశానని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు.”

చారెడు గారు ఇలాంటి మాటలు చాలా విన్నాడు. పెద్దమనిషి పోయిన నెలలోపు ఒకరైనా వస్తారు. పాటకు వరస తనదేనంటారు. గోల్ కొట్టడానికి బంతి అందించింది తనేనంటారు. వాళ్లందరికీ చెప్పేదే ఈమెకూ చెప్పాడు.

“అమ్మా, మీరు అబద్ధం చెబుతున్నారని నేననను. కానీ ఆధారం లేకుండా రాయలేను.”

“ఆధారం మీ దగ్గరే ఉంది. ఫొటో తీశారు. మీ పేపరాయనే వచ్చి తీశాడు. కడ్డీకి ఆ కొస ఆయన, ఈ కొస నేను.”

ఆయన కంప్యూటర్లో ఇంజనీరు ఫొటో తెరిచి ఆమె వైపు తిప్పాడు. ఒక్క మనిషే ఉన్నాడు, ఛాతీ దాకా. చేతిలో ఇనుప కడ్డీ.

“ఇదేనమ్మా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వేస్తున్నాం.”

ఆమె తెర దగ్గరికి జరిగింది. కడ్డీ ఇంజనీరు చేతిలోంచి అడ్డంగా సాగి ఫొటో ఎడమ అంచు దగ్గర ఆగిపోయింది. ఆమె ఆ అంచు మీద వేలు పెట్టింది.

“ఇది ఎటు పోతోంది బాబూ?”

“బయటికి.”

“తొమ్మిదడుగుల కడ్డీ. ఒక చేత్తో కొస పట్టుకుంటే ఇలా అడ్డంగా నిలుస్తుందా? మీ గార్డుని పిలిచి పట్టుకోమనండి చూద్దాం.”

చారెడు గారు ఫొటో వైపు చూశాడు. కడ్డీ వంగలేదు. ఇంజనీరు భుజం కూడా వంగలేదు. ఆయన ఆమె ఫోన్ నంబరు రాసుకుని, వారంలో చెబుతానన్నాడు. ఆమె పిస్టన్ సంచీలో వేసుకుని వెళ్లింది.

పాత ఫొటోల గది కింది అంతస్తులో ఉంది. దాన్ని చూసే లైబ్రేరియన్‌కు చారెడు గారితో పాతికేళ్ల స్నేహం.

“ఏంటన్నా, ఎవరు పోయారు?” అన్నాడు. చారెడు గారు మెట్లు దిగిన ప్రతిసారీ అతను అదే అడుగుతాడు.

“ఎవరూ పోలేదు. పోయినాయన కవరే మళ్లీ కావాలి.”

కవర్లో ఒకే ఒక్క ప్రింటు ఉంది. నలుపు తెలుపు. కంప్యూటర్లో ఉన్నదే. చారెడు గారు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, ఎడమ అంచును కిటికీ వెలుగుకు ఎత్తాడు. కుడి అంచు పలచగా ఉంది. ఎడమ అంచు మందంగా ఉంది.

ఆ రోజుల్లో ఆ ఆఫీసుకో పద్ధతి ఉండేది. ఫొటోలో కొంతే వాడాలంటే వేరే పత్రికల వాళ్లు ఎర్ర పెన్సిలుతో గీత గీసేవారు. ఇక్కడ అక్కర్లేని భాగాన్ని వెనక్కి మడిచేవారు. మడత లేవకుండా దాని మీద క్యాప్షన్ చీటీ జిగురుతో అంటించేవారు. ప్రింటు పగిలిపోతుందని ఫొటోగ్రాఫర్లు గొడవ చేసేవారు. కత్తిరించలేదు కదా, సంతోషించండి అని డెస్క్ వాళ్లు అనేవారు. మళ్లీ కావాలంటే విప్పుకోవచ్చన్నది వాళ్ల వాదన. ఎవరూ విప్పేవారు కాదు.

చీటీ మీద, ‘తాను రూపొందించిన చేతిపంపు కడ్డీతో ఇంజనీరు’ అని ఉంది. అక్షరాలు కుడివైపుకు ఒరిగి ఉన్నాయి.

లైబ్రేరియన్ మెడ చాచి చూశాడు. “అన్నా, ఇది నీ చేతిరాత.”

“కనిపిస్తోంది.”

టీ కోసం పెట్టిన కెటిల్లో నీళ్లు కాచారు. ఆవిరి మీద ప్రింటు వెనక భాగం పట్టుకున్నారు. జిగురు వదలడానికి పదిహేను నిమిషాలు పట్టింది. లైబ్రేరియన్ స్కేలు అంచుతో చీటీ లేపాడు. మడత తెరిచారు.

కడ్డీ రెండో కొస ఒక స్త్రీ చేతుల్లో ఉంది. నలభై ఏళ్లుంటాయి. భుజం మీద పానా ఆనించుకుని ఉంది. ఇంజనీరు కెమెరా వైపు చూడటం లేదు. ఆమె వైపు చూస్తున్నాడు. మడత గీత ఇద్దరి మధ్య కడ్డీని రెండు ముక్కలు చేసింది. అక్కడ ప్రింటు పైపొర పగిలి తెల్లగా తేలింది.

ప్రింటు వెనక, మడత లోపలికి వెళ్లిపోయిన చోట, పెన్సిలుతో రెండు లైన్లున్నాయి. ఫొటోగ్రాఫర్ రాసుకున్నవి. ‘ఎడమ మెకానిక్, కుడి ఇంజనీరు. పద్ధతి ఆమె చెప్పిందేనని ఇంజనీరు రెండుసార్లు చెప్పాడు. ఇద్దరూ పడాలి.’

ఆ ఫొటోగ్రాఫర్ పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన సంస్మరణ కూడా చారెడు గారే రాశాడు.

“నువ్వు చూసుండవులే అన్నా,” అన్నాడు లైబ్రేరియన్. “ఒక కాలమ్ అన్నారు, మడిచేసి ఉంటావు.”

చారెడు గారికి ఆ రోజు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, రాలేదు. కానీ పద్ధతి గుర్తుంది. ఫొటో వెనక ఫొటోగ్రాఫర్ రాసింది చూసే క్యాప్షన్ రాసేవారు. చూడకుండా రాయడానికి వీల్లేదు. ఫొటోలో ఎవరున్నారో తెలిసేది దాన్నుంచే.

ఆ సాయంత్రం ఆయన పాత ఫైలు తీశాడు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట పంపు గురించి తను రాసిన వార్తలో ‘పది రోజులు గదిలో తలుపేసుకుని’ అని ఉంది. అది ఎవరు చెప్పారో ఎక్కడా లేదు. పన్నెండేళ్ల కిందట, ఇంజనీరు బతికుండగానే, సంస్మరణ ముందుగా రాసి పెట్టుకున్నప్పుడు ఆ వాక్యాన్ని ఆ వార్త నుంచి తీసుకున్నాడు. మార్జిన్‌లో ఆధారం రాసుకోవడం ఆయన అలవాటు. ఆ వాక్యం ఎదురుగా, ‘ఆధారం: మన పత్రిక’ అని రాసి ఉంది.

మర్నాడు ఎడిటర్ గదికి ప్రింటు పట్టుకెళ్లాడు. ఎడిటర్ ఆయనకంటే పదేళ్లు చిన్న. ప్రింటును ముందూ వెనకా చూశాడు.

“సవరణ వేద్దాం చారెడు గారూ. రెండో పేజీలో. నాలుగు లైన్లు.”

“సవరణ రెండో పేజీ కింది మూల పడుతుంది. అది ఎవరు చదువుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.”

“మరి?”

“తొమ్మిదో పేజీలో ఆయన గడిలో ఈ ఫొటో వేద్దాం. పూర్తిగా.”

ఎడిటర్ నవ్వాడు. “బతికున్నవాళ్లు ఆ పేజీలో వద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది మీరు. ఇప్పుడు మీరే! మర్నాడు ఆవిడ ఇంటి ముందు జనం చేరతారు. బతికున్నట్టు లెటర్‌హెడ్ మీద మళ్లీ రాసిద్దామా?”

“క్యాప్షన్‌లో ‘జీవించి ఉన్నారు’ అని వేద్దాం.”

అక్కడే కూర్చున్న పేజీ డిజైనర్ తలెత్తకుండానే అంది. “క్యాప్షన్లు ఎవరు చదువుతారండీ. బొమ్మ చూస్తారు, ఏ పేజీయో చూస్తారు, అయ్యో అంటారు. పైగా ఇది రెండు కాలమ్‌లు పడుతుంది. పన్నెండు మందిలో ఎవర్ని తీసేయమంటారు?”

పేజీ పైన ఏటా చారెడు గారి ముందుమాట ఒకటి ఉంటుంది. దాని కింద ఆయన పేరు వేస్తారు. వచ్చే జూన్‌లో ఆయన రిటైర్మెంట్. ముందుమాట రాయడం పూర్తయింది. డిజైనర్ దాన్ని అప్పటికే పేజీలో పెట్టింది.

“ముందుమాట తీసేయండి,” అన్నాడు ఆయన.

డిజైనర్ ఎడిటర్ వైపు చూసింది. ఎడిటర్ ప్రింటు తిరిగి ఇచ్చాడు.

“ముందు ఆవిడని అడగండి. చావు పేజీలో పడటం ఇష్టమేనంటే అప్పుడు చూద్దాం. లేదంటే రెండో పేజీ.”

ఇరవై ఆరున చారెడు గారు రెండు బస్సులు మారి ఆమె ఇంటికి వెళ్లాడు. వీధి చివర షెడ్డు, షెడ్డు పక్కన ఇల్లు, ఇంటి ముందు బోరింగు. ఆమె బోరింగు తల విప్పుతోంది.

“సరైన టైముకే వచ్చారు. చూస్తారా?”

ఆయన గడియారం చూసుకున్నాడు. ఆమె దగ్గర రెండు పానాలున్నాయి. తల విప్పి పక్కన పెట్టింది. కడ్డీని చేయి మార్చి చేయి వేసి పైకి లాగుతూ, జాయింటు వచ్చిన చోటల్లా విప్పి గోడకు ఆనించింది. చివరి కడ్డీతో పిస్టన్ వచ్చింది. పైపులు భూమిలోనే ఉన్నాయి. అరిగిన వాషర్లు తీసి కొత్తవి తొడిగింది. మళ్లీ దించడం మొదలుపెట్టింది.

పక్కింటి గోడ మీద ఒక తల కనిపించింది.

“ఎవరక్కా వచ్చింది?”

“పేపరు ఆఫీసు నుంచి.”

“ఓహో.” తోడికోడలు గోడ మీద మోచేతులు ఆనించింది. “చూడండి బాబూ, మా అక్క చెప్పేవన్నీ రాసుకుంటే మీ పేపరు చాలదు. పక్క పేపరు కూడా అద్దెకు తీసుకోవాలి.”

“నువ్వు కాస్త నోరు మూసుకుంటే ఈయన వాచీ చూసుకుంటారు.”

“నేనేమన్నానే ఇప్పుడు? ఇంజనీరు గారు చెబితే నమ్మాం. ఆయన మంచాయన, నువ్వు బాధపడతావని అన్నాడేమో. పేపరోళ్లకి నీతో మొహమాటం ఏముంది, ఉన్నది వేశారు.” తల గోడ కిందికి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది.

చారెడు గారు సంచీలోంచి ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది. మడత గీత మీద వేలు నడిపింది.

“ఇదేంటి, విరిగింది?”

“వెనక్కి మడిచారు.”

“ఎవరు?”

“నేనేనమ్మా.”

ఆమె ఫొటో నుంచి కళ్లు ఎత్తలేదు.

“వెనక రాసి ఉంది, చూడండి,” అన్నాడు ఆయన. “మీ సంగతి. అది చదివే మడిచి ఉంటాను. గుర్తు లేదు. కానీ చదవకుండా మడిచే పద్ధతి మాకు లేదు.”

ఆమె తిప్పి చదివింది. ప్రింటు ఆయనకు తిరిగి ఇచ్చింది.

“ఆ పెద్ద పానా ఇటివ్వండి,” అంది.

ఆయన ఇచ్చాడు. ఆమె బోరింగు తల బిగించింది. రెండు మూడు సార్లు కొట్టింది. నీళ్లొచ్చాయి. చారెడు గారు గడియారం చూశాడు. ముప్పై ఎనిమిది నిమిషాలు.

“ఆవిడకి ఇది చూపించనా?” అని గోడ వైపు తల ఊపాడు.

“వద్దు. చేతిలో చూపిస్తే ఎక్కడో చేయించుకొచ్చానంటుంది. పేపర్లో రావాలి.”

అప్పుడు ఆయన వచ్చిన పని చెప్పాడు. రెండో పేజీలో నాలుగు లైన్లు వేయొచ్చు, ఏ ఇబ్బందీ ఉండదు. తొమ్మిదో పేజీలో ఫొటో వేస్తే అందరూ చూస్తారు, కానీ అది చనిపోయినవాళ్ల పేజీ. ఫుట్‌బాల్ అసిస్టెంట్ కథ కూడా చెప్పాడు.

ఆమె ఇంట్లోంచి బిందె తెచ్చింది.

“అంటే నేను పోయాననుకుని వస్తారు.”

“వస్తారు.”

“ఎంతమంది?”

“ఆయనకి ఎనభై మంది వచ్చారు.”

“నాకు అంతమంది రారు.” ఆమె బిందె బోరింగు కింద పెట్టింది. “రానివ్వండి బాబూ. వచ్చినవాళ్లు చూస్తారుగా, బతికే ఉన్నానని. తలా ఒక గ్లాసు నీళ్లు కొట్టి ఇస్తాను. నిజంగా పోయిన రోజు ఎవరేమనుకున్నారో నాకెలాగూ తెలియదు.”

తొమ్మిదో పేజీ ముందుమాట లేకుండా తయారైంది. ఇంజనీరు గడిలో ఫొటో రెండు కాలమ్‌లు. దాని కింద చారెడు గారు ఇలా రాశాడు:

‘ఈ పంపులో వాషర్ మార్చడానికి లారీ అక్కర్లేదు. పైపులు తీయక్కర్లేదు. రెండు పానాలతో ఒక మనిషి మార్చవచ్చు. డిసెంబరు ఇరవై ఆరున ముప్పై ఎనిమిది నిమిషాల్లో మార్చడం చూశాం. పిస్టన్‌ను పైపులోంచే పైకి లాగాలన్న ఆలోచన ఫొటోలో ఎడమవైపున్న మెకానిక్‌ది. దాన్ని కొలతల్లో పెట్టి, లోహం ఎంచి, పంపుగా నిలబెట్టింది కుడివైపున్న ఇంజనీరు. ఆయన ఈ సంగతి బతికున్నన్నాళ్లూ చెప్పారు. మెకానిక్ జీవించి ఉన్నారు, ఇప్పటికీ పని నేర్పిస్తున్నారు. ఈ ఫొటోలో సగాన్ని ఈ పత్రిక ముప్పై ఒక్క ఏళ్లపాటు మడిచి వేసింది. తలుపేసుకుని ఆలోచించారని రాసింది నిజం కాదు.’

ఎడిటర్ చివరి రెండు వాక్యాల మీద పెన్ను ఆపాడు.

“మన మొహానికి మనమే మసి పూసుకోవడం ఎందుకండీ?”

“మసి పాతదే.”

ఎడిటర్ పెన్ను మూత పెట్టాడు. డిజైనర్ ఫొటోలో మడత గీతను చెరిపేయనా అని అడిగింది. వద్దన్నాడు. గీత అలాగే పడింది.

జనవరి రెండున ఆమె ఫోన్ చేసింది.

“ఇరవై మూడు మంది బాబూ,” అంది. “మా తోడికోడలే ముందు. ఆరున్నరకి. పేపరు చేతిలో పట్టుకుని, ‘అక్కో’ అని వీధిలోంచే ఏడ్చుకుంటూ వచ్చింది. పక్కిల్లే కదా, గోడమీంచి చూస్తే సరిపోయేది. తోచలేదట. నేను బోరింగు దగ్గర పళ్లు తోముకుంటున్నాను.”

“ఏమన్నారావిడ?”

“ముందు కేకేసింది. తర్వాత, ‘బతికే ఉన్నావా, మరి చెప్పవేం’ అని తిట్టింది. ‘ఏడుపు ఆపి చదువు’ అన్నాను. నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది.”

“తర్వాత?”

“‘ఫొటోలో నల్లగా పడ్డావక్కా’ అంది.”

“అంతేనా?”

“అంతే. బిందె అందుకుని నీళ్లు కొట్టడం మొదలుపెట్టింది, వచ్చినవాళ్లకి ఇవ్వడానికి. వచ్చినవాళ్లకి తనే చెప్పుకుంటోంది, ‘మా అక్క బతికే ఉంది, పంపు ఆలోచన మా అక్కదే, పేపర్లో వేశారు’ అని. ఏదో తనే కనిపెట్టినట్టు. నన్ను మాట్లాడనిస్తేనా!”

చారెడు గారు కాగితం మీద ఇరవై మూడు అని రాసుకున్నాడు.

“ఫొటో నాకొకటి పంపండి,” అంది ఆమె. “గీత ఉన్నా పర్లేదు. షెడ్డులో పెడతాను.”

పంపిస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి, మెట్లు దిగి ఫొటోల గదికి వెళ్లాడు.

“ఎవరు పోయారన్నా?” అన్నాడు లైబ్రేరియన్.

“మొదటి బీరువా తాళం ఇవ్వు. కెటిల్లో నీళ్లు పోయ్.”

ఆ గదిలో ఆరు బీరువాలున్నాయి. కవర్లు అక్షర క్రమంలో ఉంటాయి. ‘అ’ కింద నలభై మూడు కవర్లున్నాయి. ఆయన ఒక్కో ప్రింటు తీసి రెండు అంచులూ వేళ్లతో తడిమి చూశాడు. మధ్యాహ్నానికి ‘అ’ అయిపోయింది. తొమ్మిదింటిలో ఒక అంచు మందంగా ఉంది. వాటి వెనక చీటీల్లో నాలుగు ఆయన చేతిరాతలో ఉన్నాయి. అయిదు వేరేవాళ్లవి.

లైబ్రేరియన్ కెటిల్ స్విచ్ వేశాడు.